డిస్క్‌లో దారి చూపేదెవరు?

విద్యార్థులారా! రేణిగుంట జంక్షన్‌లో ఎప్పుడైనా నిలబడి చూశారా? గూడూరు, కడప, అరక్కోణం, తిరుపతి వైపుల నుండి బండ్లు వస్తుంటాయి. ఏ బండి ఏ లైనులో ఆగాలో డ్రైవరు తేల్చుకోడు. ఖాళీ లైను చూసి స్టేషన్ మాస్టరు నిర్ణయిస్తాడు. కంప్యూటర్ డిస్క్‌పై ఇటువంటి పని చేసేదే డిస్క్ ఆపరేటింగ్ సిస్టం; పొట్టిగా డాస్.

1974లో అమెరికాలో గ్యారీ కిల్‌డాల్ చిన్న కంప్యూటర్ల కోసం 'సీపీ/ఎం' తయారుచేశాడు. తర్వాత అందులో యంత్రానికి సంబంధించిన పనులను ఒక చిన్న భాగంగా వేరుచేశాడు. కొత్తరకం యంత్రం వస్తే ఆ భాగం మార్చితే చాలు. 1980లో టిమ్ పాటర్సన్ 8086 ప్రాసెసర్ కోసం మరొక డాస్ రాశాడు. దానిని మైక్రోసాఫ్ట్ కొన్నది. 1981 ఆగస్టులో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌తోపాటు అది వెలువడింది.

ఆనాటి ఫ్లాపీ డిస్క్‌పై 40 వలయాలు. ఒక్కొక్క వలయంలో 8 సెక్టార్లు. ఒక్కొక్క సెక్టారులో 512 బైట్లు. గుణించి చూడండి: 40 × 8 × 512 = 1,63,840 బైట్లు, అనగా 160 కిలోబైట్లు.

ఒక ఉత్తరానికి మూడు సెక్టార్లు కావాలనుకోండి. అవి పక్కపక్కనే ఉండనక్కరలేదు. డైరెక్టరీలో ఉత్తరం పేరు, మొదటి ముక్క సంఖ్య 5 అని ఉంటాయి. ఇంకొక పట్టికలో 5 ఎదుట '9', 9 ఎదుట '6', 6 ఎదుట 'సమాప్తం' అని ఉంటుంది. ఈ గొలుసు పట్టుకొని డాస్ ఉత్తరాన్ని చదువుతుంది. ఈ పట్టికే 'ఫైల్ అలొకేషన్ టేబుల్'.

1984లో మన దేశంలో మొదలైన 'క్లాస్' పథకంలో బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. వాటికి అమర్చే డీఎఫ్ఎస్ అనే డిస్క్ వ్యవస్థలో ఈ గొలుసు లేదు. ఫైలంతా వరుసగా ఉండాలి. అక్కడక్కడా ఖాళీలున్నా పెద్ద ఫైలు పట్టదు. ముందు ఉన్న ఫైళ్లన్నిటినీ ఒకపక్కకు జరపాలి.

మరి ఫైలును చెరిపివేస్తే ఏమవుతుంది? డాస్ పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పెడుతుంది. పట్టికలో ఆ ముక్కలు ఖాళీ అని రాస్తుంది. అంతే! మీ అక్షరాలు డిస్క్‌పై అలాగే ఉంటాయి, వాటిమీద కొత్తవి రాసేవరకు. ఆ పట్టిక సంతతే నేటికీ ఎన్నో పెన్‌డ్రైవ్‌లలో, మెమరీ కార్డులలో ఉంది. కాబట్టి రెండు సంగతులు గుర్తుంచుకోండి. పొరపాటున ఫైలు చెరిపితే, దానిపై మరేదీ రాయకుండా తెలిసినవారికి చూపండి. రహస్యమైనది చెరిపాము కదా అని ఆ పరికరాన్ని ఇతరుల చేతికివ్వకండి.

ఒక లెక్క: 1300 బైట్ల ఉత్తరానికి ఎన్ని సెక్టార్లు కావాలి? చివరి సెక్టారులో ఎన్ని బైట్లు మిగులుతాయి?