వస్తువులు నీటిలో తేలుటకును మునుగుటకును కారణము

చిన్న ఇనుపమేకును నీటిలో వేసినచో అడుగునకు పోవును. వేలకొలది టన్నుల బరువుగల ఉక్కు ఓడ సముద్రముపై తేలిపోవును. బరువైనవి మునుగుననియు, తేలికయైనవి తేలుననియు చెప్పి ఊరకుండినచో ఈ సంగతి బోధపడదు. కావున దీని కారణమును ఇచ్చట విచారింతము.

బావిలో నీళ్లు తోడువారికందరికిని ఒక అనుభవము కలదు. నిండుచేద నీటిలోనున్నంతవరకు సులువుగా వచ్చును. నీటిపైకి రాగానే దాని బరువు తెలియును. నీరు తనలోని వస్తువును పైకి త్రోయుచుండుటయే ఇందులకు కారణము. లోతు హెచ్చినకొలది నీటి ఒత్తిడియు హెచ్చును. కనుక వస్తువునకు అడుగున తగులు ఒత్తిడి, పైన తగులు ఒత్తిడికంటె ఎక్కువ. ఈ భేదమే వస్తువును పైకెత్తు బలము.

క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున, సిసిలీ ద్వీపములోని సిరక్యూస్ పట్టణవాసియగు ఆర్కిమిడీజు ఈ బలమునకు కొలత చూపెను. నీట మునిగిన వస్తువు, తాను తొలగించిన నీటి బరువెంతయో అంత బరువును కోల్పోయినట్లు కనబడును. 250 గ్రాముల రాయి 100 ఘనసెంటీమీటర్ల చోటు నాక్రమించెననుకొందము. అంత నీటి బరువు 100 గ్రాములు. కావున ఆ రాయి నీటిలో 150 గ్రాములే తూగును. అయినను బరువు మిగిలియున్నది గనుక మునుగును. ఇనుము తనంత పరిమాణముగల నీటికంటె సుమారు 7.8 రెట్లు బరువు. మేకు మునుగుట ఇందువలననే. ఆ ఇనుమునే పలుచగా సాగగొట్టి గిన్నెగా చేసినచో, అది హెచ్చు చోటు నాక్రమించి, తన బరువునకు సరిపడు నీటిని తొలగించి తేలును. ఓడయు నిట్టిదే. ఉప్పునీరు మంచినీటికంటె బరువు గనుక, నదినుండి సముద్రమున ప్రవేశించిన ఓడ కొంచెము పైకి లేచును.

ఈ సూత్రము నెరుగుట ప్రాణరక్షణకు సాధనము. 5 మీటర్ల పొడవును 1.2 మీటర్ల వెడల్పును గల చదునైన పడవ, ఒక సెంటీమీటరు దిగుటకు 60 కిలోగ్రాములు చాలును. అనగా ఒక మనుష్యుని బరువు. అంచు నీటికి 15 సెంటీమీటర్ల ఎత్తున నున్నప్పుడు మరి పదుగు రెక్కినచో, 5 సెంటీమీటర్లే మిగులును. అంతట చిన్న అలకే నీరు లోనికి వచ్చును. ఆ నీరు బరువును పెంచుటయేగాక, పడవ ఒరిగిన వైపునకే పరుగెత్తి దానిని బోర్లించును. ఇట్టి యాపదలను మాన్పుటకే సామ్యుయేల్ ప్లిమ్‌సాల్ ఇంగ్లండు పార్లమెంటులో పోరాడెను. ఓడ ప్రక్కను భారపు గీత యుండవలెనని 1876లో చట్టమయ్యెను. ఆ గీత స్థానమును యజమాని యిష్టమునకు విడువక, 1890లో చట్టమే నిర్ణయించెను.

మన దేహము ఇంచుమించు నీటియంత సాంద్రత గలది. ఊపిరి నిండుగా నున్నప్పుడు కొంచెము తేలిక. కాని అప్పుడు సహితము స్వల్పభాగమే నీటిపై నిలుచును. చేతులు పైకెత్తినవాని చేతుల బరువును నీరు మోయదు. కావున తల మునుగును. నీట పడినవారు చేతులను నీటిలోనే యుంచి, వెల్లకిల పరుండి, ముఖమును పైకి నిలుపవలెను. ఈత రాని బాలురు వారిని రక్షింప దూకరాదు; పెద్దలను పిలిచి, త్రాడునో, మూతబిగించిన ఖాళీ డబ్బానో విసరవలెను. పడవ అంచు నీటికి సమీపించినచో, రెండవ పడవకై వేచియుండుటయే వివేకము.