చిరునామా మారిన ప్రింటరు: నెట్‌వర్కులో కనిపించని యంత్రాన్ని కనుగొనే విధానం

భవన నిర్మాణ పనులకై తెలంగాణ ప్రాంతం నుండి ముంబయికి తరలివచ్చిన కామాఠీల పేరు మీదుగా కామాఠిపుర వెలసింది. తరువాతి కాలంలో బట్టల మిల్లులు ఎందరో పద్మశాలి నేత కుటుంబాలను వర్లి, ప్రభాదేవి, లోయర్ పరేల్ ప్రాంతాలకు రప్పించాయి. మిల్లులు మూతపడ్డాయి, కాగితాల పని మాత్రం తగ్గలేదు. మిల్లు కార్మికుల గృహ పథకానికి అర్హతపత్రాలు, చాళ్ల పునర్నిర్మాణ ఒప్పందాలు, రేషన్ కార్డులో పేర్ల చేర్పు, పింఛను దరఖాస్తులు మొదలైన వాటి ప్రతుల కోసం నేటికీ ఎందరో సంఘ కార్యాలయాలకో, జెరాక్సు దుకాణాలకో వెళ్తుంటారు. అక్కడి ప్రింటరు పలకనినాడు, ఒక రోజు కూలి వదులుకొని వచ్చిన మనిషి వట్టి చేతులతో తిరిగిపోవలసి వస్తుంది.

అటువంటి సమయంలో కంప్యూటరు తెరపై సాధారణంగా కనిపించేది ‘ప్రింటరు ఆఫ్‌లైన్’ అనే ఒక్క మాట. అది చూసి యంత్రం చెడిపోయిందని భావించడం సహజం. కాని అనేక సందర్భాలలో యంత్రం చక్కగానే ఉంటుంది. కంప్యూటరు దానిని పాత చిరునామాలో వెదుకుతూ ఉంటుంది. ఈ సంగతిని నిర్ధారించుకొనే క్రమాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

1. నెట్‌వర్కులో చిరునామా

వర్లిలోని బీడీడీ చాళ్లు 1920ల నాటివి. అక్కడి ఒక్కొక్క గది సుమారు 160 చదరపు అడుగులు. తపాలా బంట్రోతు ఉత్తరాన్ని చాళ్ సంఖ్య, గది సంఖ్య చూసి అందజేస్తాడు. నివాసి వేరొక గదికి మారి, ఆ సంగతి బంధువులకు తెలియజేయకపోతే ఉత్తరం పాత గదికే చేరుతుంది. ఇందులో నివాసికి గాని, బంట్రోతుకు గాని ఏ లోపమూ లేదు.

నెట్‌వర్కులోని ప్రతి యంత్రానికి ఇటువంటి చిరునామా ఒకటి ఉంటుంది. దానిని ఐపీ చిరునామా అంటారు. అది చుక్కలతో వేరుచేసిన నాలుగు సంఖ్యలుగా, 192.168.1.25 వలె ఉంటుంది. చిన్న కార్యాలయాలలో సాధారణంగా మొదటి మూడు సంఖ్యలు అన్ని యంత్రాలకూ సమానం. అవి చాళ్ సంఖ్య వంటివి. చివరి సంఖ్య గది సంఖ్య వంటిది.

ఈ చిరునామాలను పంచేది రూటరు. పంపకపు పద్ధతికి డీహెచ్‌సీపీ అని పేరు. రూటరు చిరునామాను శాశ్వతంగా ఇవ్వదు. గడువు విధించి అద్దెకిచ్చినట్లు ఇస్తుంది. గణేశోత్సవానికో, దీపావళికో కార్యాలయం మూసి ప్రింటరును ఆపివేస్తే ఆ గడువు ముగియవచ్చు. అప్పుడు రూటరు ఆ సంఖ్యను ఒక మొబైలుకు ఇవ్వవచ్చు. సెలవుల తరువాత ప్రింటరుకు కొత్త సంఖ్య లభిస్తుంది. కంప్యూటరులో పాత సంఖ్యే మిగిలి ఉంటుంది.

2. ముందుగా ఆ రోజు పని

దోషాన్ని వెదకడానికి ముందు, ఎదురుగా నిలిచిన దరఖాస్తుదారు పని ఆగకుండా చూడాలి. పత్రాన్ని పీడీఎఫ్‌గా భద్రపరచాలి. ప్రింటరుకు యూఎస్‌బీ తీగ ఉన్నచో దానిని నేరుగా కంప్యూటరుకు కలిపి ప్రతి తీయవచ్చు. ఆ దారికి నెట్‌వర్కు అవసరం లేదు. ఆన్‌లైన్ దరఖాస్తు అయితే దాని సంఖ్యను, తేదీని కాగితంపై చేతితో వ్రాసి ఇవ్వాలి. రసీదు ముద్రణ ఆలస్యమైనంత మాత్రాన, సమర్పించిన దరఖాస్తు రద్దు కాదు.

3. దగ్గర నుండి దూరానికి: పరీక్షించే క్రమం

మొదటి మెట్టు: ఎందరికి కనిపించడం లేదు? కార్యాలయంలో ఒక్క కంప్యూటరుకే ప్రింటరు అందనిచో దోషం ఆ కంప్యూటరులో ఉండవచ్చు. అన్నిటికీ అందనిచో ప్రింటరునో, రూటరునో పరీక్షించాలి. మొబైలు నుండి ముద్రించేవారు తాము ఏ వైఫైలో ఉన్నారో చూసుకోవాలి. ‘గెస్ట్’ వైఫైలో ఉన్న పరికరాలు కార్యాలయపు ఇతర యంత్రాలను చేరకుండా చాలా రూటర్లు అడ్డుకుంటాయి.

రెండవ మెట్టు: ప్రింటరునే అడగడం. దాదాపు ప్రతి నెట్‌వర్కు ప్రింటరులోనూ తన అమరికల పుటను తానే ముద్రించుకొనే సౌకర్యం ఉంటుంది. యంత్రం మీది మెనూలో నెట్‌వర్కు విభాగం క్రింద అది లభిస్తుంది. ఆ పుట చక్కగా వెలువడితే యంత్రపు ముద్రణ భాగం బాగున్నట్లే. పుటలోని ఐపీ చిరునామాను చదవాలి. 0.0.0.0 అని ఉంటే చిరునామా ఏదీ లేదని అర్థం. 169.254 తో మొదలైతే రూటరు నుండి చిరునామా లభించక, యంత్రం తనకు తానే ఒకటి కల్పించుకొన్నదని అర్థం. ఈ రెండు సందర్భాలలోనూ తీగను, వైఫై సంకేతపదాన్ని సరిచూసి, రూటరును, ఆపై ప్రింటరును ఆపి తిరిగి ఆరంభించాలి.

మూడవ మెట్టు: రెండు చిరునామాలను పోల్చడం. విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశాన్ని ఇంగ్లీషు అక్షరాలలో కలిపి టైపు చేస్తే ఆ కంప్యూటరు చిరునామా కనిపిస్తుంది. దాని మొదటి మూడు సంఖ్యలు ప్రింటరు చిరునామాతో సరిపోవాలి.

నాల్గవ మెట్టు: పిలిచి చూడడం. అదే తెరలో పింగ్ అని ఇంగ్లీషులో టైపు చేసి, కొంత ఖాళీ విడిచి, ప్రింటరు చిరునామాను వ్రాయాలి. జవాబు వస్తే దారి ఉన్నట్లు. ఇక్కడ రెండు భ్రమలకు అవకాశం ఉంది. గమ్యం చేరలేదనే సందేశం కూడా కొన్నిసార్లు ‘రిప్లై’ అనే మాటతోనే మొదలవుతుంది. ఆ వరుసలో ఉన్నది ప్రింటరు చిరునామాయో, కంప్యూటరు సొంత చిరునామాయో గమనించాలి. ఇక రెండవది: ఒకే చిరునామాను రెండు యంత్రాలు వాడుతుండవచ్చు. ప్రింటరును పూర్తిగా ఆపి మరల పింగ్ చేయాలి. అప్పుడు కూడా జవాబు వస్తున్నదంటే, పలుకుతున్నది మరొక యంత్రం.

ఐదవ మెట్టు: కంప్యూటరులోని చిరునామాను సవరించడం. ప్రింటరు జవాబిస్తున్నా ముద్రణ జరగనిచో, ‘ప్రింటర్ ప్రాపర్టీస్’లోని ‘పోర్ట్స్’ పుటను తెరవాలి. టిక్కు గుర్తు ఉన్న వరుసలో పాత సంఖ్య ఉంటే, అమరికల పుటలోని సంఖ్యతో కొత్త ‘స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్’ చేర్చాలి. ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ అనే ఎంపిక వద్ద టిక్కు ఉంటే తీసివేయాలి. పాత ముద్రణ ఆదేశాలు వరుసలో చిక్కుకొని ఉంటే వాటిని రద్దు చేసి, కంప్యూటరును తిరిగి ఆరంభించాలి.

4. ఇల్లు మారిన కార్యాలయం: ఒక ఉదాహరణ

బీడీడీ చాళ్ల స్థానంలో 500 చదరపు అడుగుల ఇళ్లతో బహుళ అంతస్తుల భవనాలు వెలుస్తున్న కాలమిది. ఒక సంఘ కార్యాలయం చాళ్‌లోని గది ఖాళీ చేసి మరొక భవనానికి మారిందనుకుందాం. ప్రింటరుకు పూర్వమే 192.168.1.50 అనే స్థిర చిరునామాను చేతితో అమర్చారు. కొత్త చోట కొత్త రూటరు 192.168.0 తో మొదలయ్యే చిరునామాలను పంచుతున్నది. దీపాలన్నీ వెలుగుతున్నాయి, తీగ బిగువుగా ఉంది. అయినా ప్రింటరు కనిపించదు. మూడవ మెట్టు వద్దనే కారణం తేటపడుతుంది: ఒకటి ‘1’వ చాళ్‌లో, మరొకటి ‘0’వ చాళ్‌లో ఉన్నాయి. ప్రింటరు మెనూలో చిరునామా పద్ధతిని ‘ఆటోమేటిక్’కు మార్చి, యంత్రాన్ని తిరిగి ఆరంభించి, కొత్త పుట ముద్రించి, ఆ సంఖ్యను కంప్యూటరులో అమర్చితే సరిపోతుంది. విడిభాగం కొనవలసిన పని లేదు.

5. మరల జరగకుండా

రూటరు అమరికలలో ‘అడ్రస్ రిజర్వేషన్’ అనే సౌకర్యం ఉంటుంది. ప్రతి యంత్రానికి తయారీలోనే ఇచ్చిన మ్యాక్ చిరునామా అమరికల పుటలో అచ్చవుతుంది. దానిని అక్కడ నమోదు చేస్తే రూటరు ఆ ప్రింటరుకు ఎల్లప్పుడూ ఒకే ఐపీ చిరునామాను ఇస్తుంది. ఆ సంఖ్యను ఒక చీటీపై వ్రాసి యంత్రానికి అంటించాలి. సరిచేసిన వ్యక్తి ఊరికి వెళ్లినప్పుడు మిగిలినవారికి ఆ చీటీయే ఆధారం.

6. ఒక హెచ్చరిక

ప్రింటరు సహాయం కోసం ఇంటర్నెట్టులో వెదకి, దొరికిన ఫోను నంబరుకు వెంటనే పిలవరాదు. మోసగాళ్లు సంస్థల పేరుతో నకిలీ నంబర్లు ఉంచి, కంప్యూటరును దూరం నుండి తమ అధీనంలోకి తీసుకొనే యాప్‌ను వేయించే ప్రమాదం ఉంది. సంఘ కార్యాలయపు కంప్యూటరులో పదుల కుటుంబాల ఆధార్ ప్రతులు, బ్యాంకు పుస్తకాల నకళ్లు ఉంటాయి. యంత్రంతో వచ్చిన పుస్తకంలోని నంబరునే వాడాలి. సొమ్ము పోయినచో ఆలస్యం చేయక 1930 అనే జాతీయ సైబర్ నేర సహాయ సంఖ్యకు ఫిర్యాదు చేయాలి.

అభ్యాసం

ప్రశ్న 1: అమరికల పుటలో 169.254.8.3 అని ఉంది. కంప్యూటరులో పోర్టును ఈ సంఖ్యకు మార్చవచ్చునా?
జవాబు: మార్చరాదు. ప్రింటరుకు రూటరు నుండి చిరునామా అందలేదు. ముందుగా తీగను, వైఫైని సరిచూడాలి.

ప్రశ్న 2: ముగ్గురిలో ఇద్దరు ముద్రించగలుగుతున్నారు, ఒకరు మాత్రం ముద్రించలేకపోతున్నారు. రూటరును ఆపవచ్చునా?
జవాబు: ఆపితే ఆ ఇద్దరి పనీ ఆగుతుంది. ముందుగా మూడవ కంప్యూటరు ఏ నెట్‌వర్కులో ఉన్నదో, దానిలోని పోర్టు సంఖ్య ఏదో చూడాలి.

ప్రశ్న 3: ప్రింటరును ఆపివేసినా పింగుకు జవాబు వస్తున్నది. తరువాత చేయవలసినదేమి?
జవాబు: ఆ చిరునామా మరొక యంత్రం వద్ద ఉంది. ప్రింటరు పద్ధతిని ‘ఆటోమేటిక్’కు మార్చి, లభించిన చిరునామాను రూటరులో రిజర్వు చేసి, కంప్యూటర్లన్నిటిలో పోర్టును ఆ సంఖ్యకు సవరించాలి.