పేరు మరిచిన ఫైలును వెతకడం ఎలా?

పోయిన నెల మన హాస్టల్ అమ్మాయిల పేర్లు, ఊళ్ళు మూడు రోజులు కూర్చుని నేనే నోట్‌ప్యాడ్‌లో ఇంగ్లీషులో టైపు కొట్టాను. స్కాలర్‌షిప్ కోసం వార్డెన్ మేడమ్ అడిగితే, ఆ ఫైలుకి ఏం పేరు పెట్టానో గుర్తు రాలేదు! ఒక్కొక్కటి తెరిచి చూస్తే అన్నం గంట కొట్టినా అవదు. అప్పుడు కంప్యూటర్ సారు నల్ల తెర తెరిచారు. దానిని కమాండ్ లైన్ అంటారు. మౌసుతో పని లేదు, టైపు చేసి అడగాలి.

ఫైలు పేరు తెలిస్తే ఒక కమాండు, లోపల రాసిన మాట తెలిస్తే ఇంకొకటి. విండోస్‌లో పేరుకు డిఐఆర్, లోపలి మాటకు ఫైండ్‌ఎస్‌టిఆర్. రెండింటికీ స్లాష్ ఎస్ చేరిస్తే లోపలి ఫోల్డర్లు కూడా గాలిస్తాయి. లినక్స్‌లో పేరుకు ఫైండ్, మాటకు గ్రెప్. విండోస్‌లోనూ ఫైండ్ ఉంది కాని అది లోపలి మాటనే వెతుకుతుంది. నేను ఇక్కడే తికమక పడ్డాను. ఒకే పేరున్న ఇద్దరు పిల్లల్లాగ, పిలిస్తే వేరే అమ్మాయి పలుకుతుంది.

గ్రెప్ 1973 నాటిది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాశారు. అప్పటి ఎడిటర్‌లో పట్టనంత పెద్ద వ్యాసాలలో మాటలు వెతకాలని తోటి ఉద్యోగి లీ మెక్‌మాన్ అడిగారట.

మా ఊరి పేరు కొట్టగానే ఫైలు దొరికింది. కాని నా పక్క మంచం లక్ష్మి తన పేరు కొడితే ఏమీ రాలేదు. "నా పేరు ఎక్కించలేదా?" అని ఏడుపు ముఖం పెట్టింది. తప్పు నాదే. తను కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తుంది, నేను ఎక్స్ పెట్టి కొట్టాను. రెండూ ఒకే మనిషి అని మిషనుకి తెలియదు కదా! సారు ఎల్, ఎ కొట్టి, చదరపు బ్రాకెట్లో కె, ఎక్స్ పెట్టించారు. అంటే ఆ చోట రెండిట్లో ఏదున్నా చూపించు అని. వెంటనే ఆ వరస వచ్చింది. ఈ కిటుకు గ్రెప్‌లోనూ పనిచేస్తుంది.

పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వద్దంటే విండోస్‌లో స్లాష్ ఐ, లినక్స్‌లో అడ్డగీత ఐ పెట్టాలి. వర్డ్ ఫైళ్ళలో మాత్రం ఇలా వెతికితే దొరకదు, లోపల అక్షరాలు కుదించి ఉంటాయి.

లక్ష్మి పేరు సర్టిఫికెట్‌లో ఉన్నట్టు దిద్ది మేడమ్‌కి ఇచ్చాను. ఫైలు పేరు నా నోట్సు అట్ట వెనక రాసుకున్నాను.