హ్యారీ పాటర్, మా అమ్మాయి, కొన్ని మాటలు

రెండేళ్ల క్రితం ప్రమోషన్‌తో పాటు జబల్‌పూర్ పోస్టింగ్ వచ్చింది. మావారి ఉద్యోగం గుంటూరులో కాబట్టి నేనూ, ఎనిమిదో తరగతికి వచ్చిన మా అమ్మాయీ సామాను సర్దుకుని బయల్దేరాం. ట్రాన్స్‌ఫర్ల గురించి ఈ పత్రిక చదివేవారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, పిల్లల సంగతే చెప్పాలి. గుంటూరులో వసపిట్టలా మాట్లాడే పిల్ల అక్కడి స్కూల్లో నోరు విప్పడం మానేసింది. హిందీ అంతంత మాత్రం, ఇంగ్లీషు పాఠ్యపుస్తకం మేరకే. మూడు నెలల తర్వాత పేరెంట్స్ మీటింగులో క్లాస్ టీచరు ఒకే మాట అన్నారు: "చదువుతుంది, రాస్తుంది. కానీ మాట్లాడటానికి తన దగ్గర మాటలు లేవు."

నేను ఎంబీఏ చదివినదాన్ని. సమస్య కనిపిస్తే టార్గెట్ పెట్టడం అలవాటు. పోటీ పరీక్షల పదాల పుస్తకం ఒకటి కొని, ఎక్సెల్ షీట్ తయారుచేశాను. రోజుకు 20 పదాలు, వారానికి 120, ఆదివారం పరీక్ష. పాపం, పిల్ల బాగానే బట్టీ పట్టింది. మొదటి పరీక్షలో నూటికి తొంభై వచ్చాయి. నెల తిరిగాక అవే మొదటి వారం పదాలు మళ్లీ అడిగితే నలభై కూడా చెప్పలేకపోయింది. పైగా గుర్తున్నవాటితో చిక్కు. స్కూల్లో వ్యాసం రాయమంటే "మా అమ్మమ్మ చాలా అబ్సొలీట్" అని రాసింది. జాబితాలో ఆ పదం పక్కన "పాతది" అనే ఉంది మరి. తప్పు దానిది కాదు. అబ్సొలీట్ అంటే వాడుక పోయిన పాత వస్తువని, అమ్మమ్మలకు వాడే మాట కాదని జాబితా చెప్పదు.

మాకంటే ముందు ఆ ఫ్లాట్‌లో ఉన్న ఆఫీసరు కుటుంబం వెళ్తూ వెళ్తూ అటక మీద ఒక అట్టపెట్టె వదిలేసింది. మనవాళ్ల ఇళ్లలో ఇది మామూలే. కుక్కర్ గాస్కెట్లు, బల్బులు, పిల్లల పుస్తకాలు తర్వాత వచ్చేవారికి మిగులుతుంటాయి. ఆ పెట్టెలో హ్యారీ పాటర్ మొదటి మూడు పుస్తకాలు దొరికాయి. మా అమ్మాయి మొదటిది తీసింది. రెండో రోజు రాత్రి పదకొండింటికి కూడా గదిలో లైటు వెలుగుతోంది. ముందు "దెయ్యాల కథలేంటి, లెక్కలు చేసుకో" అన్నాను. తర్వాత, ఆహా, చదువుతోంది కదా అనిపించింది. అక్కడే పెద్ద తప్పు చేశాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, అధ్యాయానికి పది కొత్త పదాలు నోటుబుక్కులో అర్థాలతో రాయమన్నాను. నాలుగు రోజులు రాసింది. ఐదో రోజు పుస్తకం దిండు కిందికి, అక్కడి నుంచి తిరిగి అట్టపెట్టెలోకి వెళ్లింది. నెల రోజులు దాన్ని ముట్టుకోలేదు.

క్వార్టర్ క్లోజింగ్ అయిన తర్వాతి ఆదివారం, పిల్లను అంతగా లాగిన ఆ కథేమిటో చూద్దామని నేనే చదవడం మొదలుపెట్టాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం నాది. ప్రతి పేజీలో నాలుగైదు మాటలు తెలియలేదు. అయినా నేను ఒక్కసారి కూడా డిక్షనరీ తీయలేదు. కథ ఆగిపోతుందని! నాకు అక్కర్లేని శిక్ష దానికి వేశానని అర్థమైంది. ఆ సాయంత్రం నోటుబుక్కు నా బీరువాలో పెట్టి తాళం వేసి, "నాకు ఐదో అధ్యాయంలో కొన్ని అర్థం కాలేదే, చెప్తావా?" అని అడిగాను.

ఐదో అధ్యాయంలోనే గ్రింగాట్స్ బ్యాంకు వస్తుంది. గాబ్లిన్లు నడిపే బ్యాంకు అది. పొడవైన కౌంటర్ల వెనక కూర్చుని పెద్ద పెద్ద లెడ్జర్లలో రాస్తూ, ఇత్తడి త్రాసుల్లో నాణేలు తూస్తుంటాయి. అక్కడి లెక్క ఇది: 29 నట్లు ఒక సికిల్, 17 సికిళ్లు ఒక గేలియన్. అంటే గేలియన్‌కు 493 నట్లు. క్యాష్ కౌంటర్లో కూర్చున్న ఎవరికైనా మొదటి రోజే రాజీనామా రాయాలనిపించే లెక్క. మా అమ్మాయికి 'లెడ్జర్', 'వాల్ట్' అనే మాటలు అలా గాబ్లిన్ల దగ్గర వచ్చాయి. ఇరవై ఏళ్లుగా బ్యాంకులో ఉన్న తల్లి దగ్గర రాలేదు. కోర్ బ్యాంకింగ్ వచ్చాక నా టేబుల్ మీద లెడ్జర్ ఎక్కడుంది, అది చూడటానికి?

ఈ పుస్తకాలలో మాట ఎలా పట్టుబడుతుందో 'స్నీర్' అనే మాటతో చెప్తాను. డిక్షనరీ చూస్తే వెక్కిరింత నవ్వు అని ఉంటుంది. కథలో మాల్‌ఫాయ్ అనే కుర్రాడూ, స్నేప్ అనే మాస్టారూ మాటిమాటికీ ఆ పని చేస్తుంటారు. మొదటిసారి వచ్చినప్పుడు ఏదో చెడ్డ మొహం పెట్టాడని తెలుస్తుంది. మూడోసారికి అందులో నవ్వు ఉందని, ఐదోసారికి అది ఎదుటివాడిని చులకన చేసే నవ్వని తెలిసిపోతుంది. ఒకరోజు మా అమ్మాయి అద్దం ముందు నిలబడి 'స్నీర్', 'స్మర్క్', 'గ్రిన్' మూడూ వేరువేరుగా చేసి చూపించింది. మూతి ఒక పక్కకు విరిస్తే మొదటిది, తనలో తాను మురిసిపోతే రెండోది, పళ్లన్నీ కనిపిస్తే మూడోది. నా ఎక్సెల్ షీట్లో ఈ మూడింటికీ "నవ్వు" అనే రాసి ఉంది.

కల్పిత ప్రపంచపు కథల్లో ఇంకో సౌకర్యం ఉంది. అక్కడి మాటలు కొన్ని రచయిత్రి పుట్టించినవి, అవి ఎవరికీ తెలియవు. కాబట్టి తెలియని మాట ఎదురైతే సిగ్గుపడక్కర్లేదు, అందరూ ఊహించుకుంటూ ముందుకు పోవాల్సిందే. ఆ ధైర్యం అసలైన ఇంగ్లీషు మాటల మీదికీ పాకుతుంది. 'మగుల్' అంటే మంత్రం తెలియని మామూలు మనిషి. ఆ పుట్టించిన మాట కూడా 2003లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీకి ఎక్కింది.

మంత్రాలు మరీ ముచ్చటగా ఉంటాయి. చాలావాటిని లాటిన్ మూలాల నుంచి కట్టారు. 'లూమోస్' అంటే మంత్రదండం చివర వెలుగు వస్తుంది, 'ల్యూమినస్', 'ఇల్యూమినేట్' మాటలకు చుట్టం. 'ఆబ్లివియేట్' అంటే జ్ఞాపకం చెరిగిపోతుంది, 'ఆబ్లివియన్', 'ఆబ్లివియస్' అక్కడివే. 'పెట్రిఫికస్ టోటాలస్' తగిలినవాడు రాయిలా బిగుసుకుపోతాడు, 'పెట్రిఫై' అంటే అదే. నాకు బాగా నచ్చింది 'ఇంపెడిమెంటా', ఎదురొచ్చేవాణ్ని ఆపే మంత్రం. రికవరీ రిపోర్టుల్లో 'ఇంపెడిమెంట్స్' అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ మాటలోని 'పెడ్' అంటే లాటిన్‌లో పాదమనీ, కాళ్లకు సంకెల వేయడం దాని మొదటి అర్థమనీ అప్పుడే తెలుసుకున్నాను. మనం ముందరికాళ్లకు బంధం వేయడం అంటాం కదా, అచ్చం అదే.

కార్తీక మాసంలో మా అమ్మ వచ్చి మాతో నెలన్నర ఉంది. అమ్మాయి చదువుతున్న కథ తనకూ చెప్పమంది. ఇక్కడ నేను అనుకోని సంగతి జరిగింది. వెలుగును ఆర్పే మంత్రం 'నాక్స్' అనీ, లాటిన్‌లో దానికి రాత్రి అని అర్థమనీ మనవరాలు చెబితే, "నేను చేసేది నక్తమేగా" అంది మా అమ్మ. పగలంతా ఉపవాసం ఉండి రాత్రి పూట తినడాన్ని నక్తం అంటారని మా అమ్మాయికి అప్పుడే తెలిసింది. సంస్కృతంలోని ఆ 'నక్త', లాటిన్‌లోని ఆ 'నాక్స్' నిజంగానే ఒక తల్లి పిల్లలు. 'ఫిలాసఫర్స్ స్టోన్' అంటే ఇనుమును బంగారం చేసే రాయి అని చెబితే, "పరుసవేది అనొచ్చుగా, అంత పొడుగు పేరెందుకు?" అంది. అడవిలో సగం మనిషి, సగం గుర్రంగా ఉండే సెంటార్ల దగ్గర మాత్రం పేచీ వచ్చింది. అమ్మ కిన్నరులని అంది. కిన్నరులకు తల గుర్రానిది, ఒళ్లు మనిషిది. సెంటార్లకు అది తిరగబడి ఉంటుంది. అమరకోశం కిన్నరుణ్ణి 'తురంగవదనుడు' అంటుందని నేను మధ్యలో దూరాను. తురంగం అంటే ఏమిటని నా కూతురు అడిగింది. మంచిదే!

అప్పటి నుంచి మా ఇంటి పద్ధతి ఇది. మొదటిసారి తెలియని మాట వస్తే ఊహించుకుని సాగిపోవాలి. మళ్లీ ఎదురైతే పెన్సిల్‌తో చిన్న చుక్క. మూడోసారి కూడా అడ్డుపడితే, అధ్యాయం అయిపోయాక డిక్షనరీ. అర్థం ఒక్కటే రాయడం లేదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో కూడా ఒక ముక్క రాస్తాం. రాత్రి అన్నం తినేటప్పుడు ఆ రోజు చుక్క పెట్టిన ఒక మాట మామూలు సంభాషణలో వాడాలి, కృత్రిమంగా ఉన్నా సరే. "అమ్మ ఈ రోజు చపాతీ చేయడానికి రిలక్టెంట్‌గా ఉంది" అని నా మీదే మొదలైంది. మన భాషలో చెప్పాలంటే, డిక్షనరీ చూడటం ఖాతా తెరవడం వంటిది. ఖాతాదారు లావాదేవీలు రెండేళ్లకు పైగా జరగకపోతే ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది. మాటకు అంత గడువు కూడా ఉండదు.

నాలుగో పుస్తకం దగ్గరకు వచ్చేసరికి వేగం పెరిగింది. ఐదోది మా బ్యాంకువాళ్లకు చదివి వినిపించాలని నాకు ఆశ. అంబ్రిడ్జ్ అనే ఆవిడ స్కూల్లో దిగి, రోజుకో డిక్రీ గోడకు కొట్టించి, మాస్టార్ల క్లాసుల్లో ఇన్‌స్పెక్షన్ చేస్తుంది. ఒక టీచరమ్మను 'ప్రొబేషన్' మీద పెడుతుంది. "అమ్మా, నిన్ను కూడా ప్రొబేషన్‌లో పెట్టారుగా, నువ్వేం తప్పు చేశావు?" అని అడిగింది మా అమ్మాయి. ఒకే మాట కొత్తగా చేరినవారికి శిక్షణ కాలమని, తప్పు చేసినవారికి హెచ్చరిక అని చెప్పడానికి అరగంట పట్టింది. చివరకు, "అంటే రెండింట్లోనూ పైవాళ్లు గమనిస్తూ ఉంటారన్నమాట" అని తనే తేల్చింది.

పుస్తకాల ఎంపిక గురించి కొద్దిగా. పేజీకి ఐదారు మాటలకు మించి తెలియకపోతే ఆ పుస్తకం ఇంకో ఏడాది ఆగాలి. 1997 నుంచి 2007 మధ్య వచ్చిన ఈ ఏడు పుస్తకాల్లో హీరోకు పదకొండో ఏడు నుంచి ఏడాదికొక పుస్తకంగా వయసు పెరుగుతుంది, భాష కూడా అలాగే పెరుగుతుంది. మొదటిది చిన్నది, ఐదోది రెండున్నర లక్షల మాటలకు పైనే. అది బరువనిపిస్తే రిక్ రియోర్డన్ పెర్సీ జాక్సన్ పుస్తకాలు తేలిక. అమెరికా పిల్లాడు తన కథ తనే చెప్పుకుంటాడు. మహాభారతం తెలిసిన పిల్లలకు రోషణి చోక్షి రాసిన అరు షా పుస్తకాలు త్వరగా అందుతాయి. టోల్కీన్ రాసిన హాబిట్ 1937 నాటిది. ఆయన ఒకప్పుడు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో 'డబ్ల్యూ' అక్షరపు మాటల మీద పనిచేసిన మనిషి. వాక్యం పాతకాలపుది కాబట్టి మేం బిగ్గరగా చదువుకుంటున్నాం.

ఇవి చదివితే మార్కులు వస్తాయని నేను చెప్పను. మొన్నీమధ్య మా అమ్మాయి సైన్సు రికార్డులో ఆమ్లం "హిస్సింగ్‌గా గొణిగింది" అని రాసి కొట్టివేతలు తెచ్చుకుంది. పరీక్ష భాష పాఠ్యపుస్తకంలోనే నేర్చుకోవాలి. కానీ కిందటి నెల పేరెంట్స్ మీటింగులో అదే టీచరు, క్లాసులో కాస్త తక్కువ మాట్లాడితే బాగుంటుందని అన్నారు. నేను బయటికొచ్చి మావారికి ఫోన్ చేశాను.

మా అమ్మ తిరిగి వెళ్లాక కథ ఆదివారం ఫోన్లో నడుస్తోంది. చదవని పిల్లలుంటే ఈ పేరా వదిలేయండి. వోల్డమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి హార్‌క్రక్స్‌లలో దాచాడని చెప్పగానే, "మాయల ఫకీరు ప్రాణం చిలకలో దాచినట్టా? వీడు ఇన్ని చిలకలు పెట్టాడేమే?" అంది మా అమ్మ. అప్పటి నుంచి ఆ ఇద్దరూ వాటిని చిలకలనే అంటున్నారు. డైరీ చిలక, ఉంగరం చిలక, లాకెట్ చిలక. పోయిన ఆదివారం 'డయాడెమ్' దగ్గర ఆగిపోయారు.

"కిరీటమా?"

"కాదు అమ్మమ్మా, అంతకంటే చిన్నది. నుదుటి మీదికి వస్తుంది."

"బాసికంలాంటిదా?"

మా అమ్మాయి ఫోన్ మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగింది. "అమ్మా, బాసికం అంటే?"