చక్రాల కోణాలు - రబ్బరు స్వభావం

సువిశాలమైన ఆస్ట్రేలియాలో కారు విలాసవస్తువు కాదు, నిత్యావసరం. మెల్‌బోర్న్ నుండి సిడ్నీకి హ్యూమ్ రహదారి మీదుగా దూరం సుమారు 880 కిలోమీటర్లు. అంత ప్రయాణంలోనూ కారుకు, నేలకు మధ్య ఉండే సంబంధం నాలుగు టైర్లు రోడ్డును తాకే కొద్దిపాటి మేర మాత్రమే. ముందు చక్రాలు ఏ కోణంలో నిలవాలో నిర్ణయించే భాగాలలో ముఖ్యమైనది కంట్రోల్ ఆర్మ్. అరిగిన ఆర్మ్‌ను మార్చినంత మాత్రాన పని ముగియదు. చక్రాల కోణాలను తిరిగి సరిచేయాలి. ఇందులో కొంత జ్యామితి, కొంత రసాయనశాస్త్రం ఇమిడి ఉన్నాయి.

కంట్రోల్ ఆర్మ్ అంటే ఒక లోహపు భుజం. దీని ఒక కొన రబ్బరు బుష్‌ల ద్వారా కారు చట్రానికి, రెండవ కొన బాల్ జాయింట్ ద్వారా చక్రం వైపు భాగానికి కలిసి ఉంటుంది. 1977లో వచ్చిన హోల్డెన్ హెచ్‌జెడ్ కారులో ప్రతి ముందు చక్రానికి పైన ఒకటి, క్రింద ఒకటి చొప్పున రెండు భుజాలుండేవి. 1978 నాటి కమొడోర్‌లో మెక్‌ఫర్సన్ స్ట్రట్ రావడంతో క్రింది భుజం మాత్రమే మిగిలింది. 2017లో హోల్డెన్ కార్ల తయారీ ఆస్ట్రేలియాలో ఆగిపోయినా, ఈ స్ట్రట్ పద్ధతి నేటి కార్లలో విరివిగా కనబడుతుంది.

మూడు కోణాలు

ముందు నుండి చూసినప్పుడు చక్రం లోపలికో వెలుపలికో ఒరిగి ఉండడం క్యాంబర్. ప్రక్క నుండి చూసినప్పుడు స్టీరింగ్ అక్షం వెనుకకు వాలి ఉండడం క్యాస్టర్. సైకిలు ముందు ఫోర్కు వాలు దీనికి పరిచితమైన ఉదాహరణ. పై నుండి చూసినప్పుడు రెండు చక్రాల ముందు అంచులు దగ్గరగానో ఎడంగానో ఉండడం టో.

టైర్లను త్వరగా అరగదీసేది టో దోషం. 600 మి.మీ. వ్యాసం గల చక్రాల ముందు అంచుల మధ్య, వెనుక అంచుల మధ్య దూరాలలో 3 మి.మీ. అదనపు తేడా వచ్చిందనుకుందాం. ఒక్కొక్క చక్రం వాటా 1.5 మి.మీ. అనగా ప్రతి 400 మీటర్లకు చక్రం ఒక మీటరు ప్రక్కకు పోజూస్తుంది. సిడ్నీ చేరేసరికి ఇది 2.2 కిలోమీటర్లు! ఇందులో కొంత రబ్బరు సాగుదలలో ఇమిడిపోయినా, మిగిలినది అరుగుదలే. ఆస్ట్రేలియాలో టైరు గాడి లోతు కనీసం 1.5 మి.మీ. ఉండాలి. వెలుపలి అంచు బాగున్నా, కంటికి కనబడని లోపలి అంచు అరిగి ఉంటే వానలో బ్రేకు వేసినప్పుడు ప్రమాదం తప్పదు.

రబ్బరు రహస్యం

బుష్‌లో రెండు ఉక్కు గొట్టాల నడుమ రబ్బరు గట్టిగా అంటుకొని ఉంటుంది. భుజం కదిలినప్పుడు రబ్బరు జారదు, మెలిపడుతుంది. కనుక బుష్ బోల్టులను కారు బరువు చక్రాలపై ఉన్నప్పుడే చివరిసారిగా బిగించాలి. చక్రాలు గాలిలో వ్రేలాడుతుండగా బిగిస్తే, కారును దింపిన తరువాత రబ్బరు ఎల్లవేళలా మెలిపడే ఉంటుంది.

సహజ రబ్బరు అణువులలో ద్విబంధాలుంటాయి. గంధకంతో వల్కనైజ్ చేసిన తరువాత కూడా వాటిలో అధికభాగం మిగిలే ఉంటాయి. గాలిలోని ఓజోన్ వాటిని తెంచుతుంది. సాగని రబ్బరులో ఈ హాని పైపొరతో ఆగుతుంది. సాగిన రబ్బరులో పగులు విచ్చుకొని లోపలి పొరను ఓజోన్‌కు అప్పగిస్తుంది. తప్పుగా బిగించిన కొత్త బుష్ త్వరగా చిట్లడానికి ఇదొక కారణం. బుష్ చిట్లితే సరిచేసిన కోణాలన్నీ చెదరిపోతాయి.

పని క్రమం

మొదట టైర్లలో గాలి, బాల్ జాయింట్లు, టై రాడ్లు పరీక్షించాలి. తరువాత బోల్టులను పైన చెప్పినట్లు బిగించాలి. ఆపైన క్యాస్టర్, క్యాంబర్, చివరకు టో. మొదటి రెండూ మారితే టో కూడా మారుతుంది గనుక ఈ వరుస తప్పరాదు. అనేక స్ట్రట్ కార్లలో టో మాత్రమే సవరించడానికి వీలుంటుంది. అటువంటి కారులో క్యాంబర్ పరిమితి దాటితే ఏదో భాగం వంగిందని అనుమానించాలి. టోను మార్చి ఆ దోషాన్ని కప్పిపుచ్చరాదు.

భారతదేశంలో వలెనే ఇక్కడ కూడా వాహనాలు ఎడమవైపు నడుస్తాయి. నీరు పారడానికి రోడ్డును ఎడమ అంచుకు వాల్చుతారు. అందువల్ల కారు కొద్దిగా ఎడమకు ఒరగడం ప్రతిసారీ దోషం కాదు.

కారు యజమాని మెకానిక్‌ను రెండు ప్రశ్నలు అడిగితే చాలు: బుష్‌లను కారు బరువు మీద బిగించారా? పనికి ముందు, తరువాత కొలతల కాగితం ఇస్తారా? ఈ రెండింటికీ తృప్తికరమైన సమాధానం లభించాకనే దూరప్రయాణానికి బయలుదేరడం క్షేమం.