పగిలిన బొమ్మల లెక్క

అనంతపురం

మేనకోడలికి,

అమ్మీ, నీ మెసేజీ రెండుసార్లు చదివాను. ఫోన్లో అంత పొడుగు రాశావంటే కడుపుమంట ఏపాటిదో తెలుస్తూనే ఉంది. మీ తమ్ముడి చిన్నప్పటి హాట్‌వీల్స్ కార్లను మీ అమ్మ పాతసామాన్ల వాడికి వేసి ఎర్రగడ్డలు తీసుకుందని, అవే కార్లు ఇప్పుడు వేలు పలుకుతున్నాయని రాశావు. నువ్వు చెప్పే కార్లు నాకు తెలుసు. 1980ల చివరినుంచి కొన్నేళ్లపాటు లియో మాటెల్ అనే కంపెనీ వాటిని మన దేశంలోనే తయారుచేసింది. అమెరికాలో అప్పటికే వాడిన అచ్చులతో, అక్కడివాళ్లు ఎరగని రంగులు వేసి అమ్మింది. అందుకే బయటి దేశాల సేకరణదారులు వాటికోసం వెతుకుతారు. అయితే వాళ్లు పెద్ద ధర పెట్టేది అట్టమీంచి విప్పని కారుకు. మీ తమ్ముడు తన కార్లను ఇంటికి రాకముందే బస్సులో విప్పేవాడు. చెనక్కాయ కట్టె వామి కింద సొరంగాలు తవ్వి వాటిని తోలేవాడు. చక్రాలు ఊడి, రంగు లేచిపోయిన ఆ తుక్కుకు ఎర్రగడ్డలు రావడమే ఎక్కువ. నువ్వు లెక్కగట్టిన వేలు మన ఇంట్లో ఎప్పుడూ లేవు. మీ అమ్మను సాధించడం మానుకో.

ఇక నీ కొడుక్కి, నా మనవడికి, కొనే ప్రతి బొమ్మా రెండేసి కొని, ఒకటి పెట్టె విప్పకుండా బీరువాలో దాస్తానన్నావు. ఇరవై ఏళ్లకు అదే వాడి చదువు ఖర్చవుతుందట! ఈ ఉపాయం నీకంటే ముందు అమెరికాలో లక్షలమందికి తట్టింది. 1990లలో టై అనే కంపెనీ బీనీ బేబీస్ అని పిడికెడు గుడ్డబొమ్మలు అమ్మింది. జనం వాటిని పిల్లల చేతికివ్వకుండా, చెవికున్న చీటీ నలగకుండా ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి దాచారు. 1999లో లాస్‌వేగస్‌లో విడాకులు తీసుకున్న ఒక జంట కోర్టు హాలు నేలమీద కూర్చుని ఆ బొమ్మలను నీకొకటి నాకొకటి అని పంచుకున్నారు. ఆ తర్వాత ధర కుప్పకూలింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. అందరూ దాచారు, అందరి దగ్గరా మిగిలాయి, ఇక కొనేదెవరు? పాత బొమ్మకు ధర తెచ్చేది దాచిన చెయ్యి కాదమ్మా, పగలగొట్టిన వందల చేతులు. ఊరంతా పగలగొడితేనే మిగిలిన ఒక్కదానికి విలువ. ఆ మిగిలేది ఏదో ముందుగా తెలుసుకునే విద్య ఎవరికీ లేదు.

ఇంకో సంగతి విను. 2024లో ఒక స్టార్‌వార్స్ బొమ్మ వేలంలో 5,25,000 డాలర్లకు పోయింది. మన లెక్కలో నాలుగు కోట్ల పైమాట. 1979లో కెన్నర్ కంపెనీ నమూనాగా చేసిన బోబా ఫెట్ అది. వీపునుంచి చిన్న రాకెట్టు ఎగురుతుంది. పిల్లల గొంతులో ఇరుక్కుంటుందని భయపడి అంగడికే పంపలేదు. లోకంలో అన్నిటికన్నా ఖరీదైన బొమ్మల్లో ఒకటి ఏ బిడ్డా ఆడనిది! అది వింటే నాకు నవ్వొస్తుంది, కొంచెం రోతగానూ ఉంటుంది. బీరువాలో మూసిన పెట్టెను నీ కొడుకు రోజూ అద్దంలోంచి చూస్తాడు. నువ్వు ఆ దాచే పని మాత్రం చేయొద్దు.

మన సీమలో ఆట సామాను పోయిన తీరు వేరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వానతో బతికే నేల ఇది. ఆ వానైనా అదునుకు రాకపోతే చెనక్కాయ ఊడ దిగదు. వరసగా పంట పోయినప్పుడు మనుషులు బెంగుళూరుకు కూలికి పోయారు, ఇంట్లో ఇత్తడి అంగడికి పోయింది. పెద్ద బిందెలతోపాటు ఆడపిల్లలు ఆడుకునే బుజ్జి బిందె, చెంబు, పొయ్యి కూడా తక్కెడకెక్కాయి. కిలోల లెక్కన పోయిన ఆ సామానే ఇప్పుడు నగరాల అంగళ్లలో ఒక్కొక్కటిగా అద్దాల వెనక కూర్చుంది. నువ్వు ఎక్కడైనా దాన్ని కొంటే కొను, తప్పులేదు. అమ్మినవాళ్లకు విలువ తెలియలేదు పాపం అని మాత్రం అనొద్దు. వాళ్లకు ఆ పొద్దు జొన్నల విలువ తెలుసు.

మరి ధరే లేని ఆటవస్తువులూ ఉన్నాయి. జొన్నదంటు బెండుతో చేసిన బండి వారానికే పొడి అవుతుంది. కర్ణాటక సరిహద్దు ఊళ్లలో మట్టెద్దుల అమావాస్యకు బంకమన్నుతో చేసే ఎద్దులు నీళ్లలో కలిసిపోతాయి. మళ్లీ ఏడాది మళ్లీ చేస్తారు. వాటిని ఎవరూ దాచరు, పోయాయని ఏడవరు. మనవడికి ఈసారి ఆ ఎద్దులు చేయడం నేర్పిస్తాను. ఒళ్లంతా మన్ను చేసుకుంటాడు, నువ్వు అరవకూడదు.

మన ఇంటి అటక మీది తిరుపతి బొమ్మల జంటను అమ్ముదామన్నావే, ఆ సంగతికి వస్తాను. దీని గురించే నీకు ఎక్కువ చెప్పాల్సింది. ఒకప్పుడు కొండకు పోయినవాళ్లు ప్రసాదంతోపాటు ఎర్రచందనం బొమ్మల జంట తెచ్చేవాళ్లు. ఒకే కొయ్యలో చెక్కిన ఆడా మగా బొమ్మలు, చేతులు ఒంటికి అతుక్కుని నిలబడి ఉంటాయి. ఆడపిల్లలు వాటికి గుడ్డపీలికలు చుట్టి పెళ్లిళ్లు చేసేవాళ్లు. పళ్లొచ్చే బిడ్డ నోట్లో పెట్టుకుని కొరికినా పెద్దలు ఏమనేవాళ్లు కాదు, చెట్టు మంచిదని నమ్మకం. వాపో గడ్డో వస్తే జేజి ఆ బొమ్మనే సానమీద నీళ్లతో అరగదీసి పట్టు వేసేది. ఆటవస్తువు, మందు, పెళ్లికొడుకు, అన్నీ ఆ కొయ్యే. అందుకే మన ఇంటి జంటకు ముక్కులు లేవు. మగబొమ్మ వీపు ఒకవైపు పల్లం పడింది.

నీ కారు లెక్క ఇక్కడ తిరగబడుతుంది. కారుకు గీత పడితే ధర తగ్గుతుంది. ఈ జంటకు ముఖం అరిగి నున్నబడితేనే పాతకాలందని నమ్ముతారు. బయటి దేశాల్లో పాతవస్తువుల వ్యాపారులు వీటిని తిరుపతి బొమ్మల పేరుతోనే అమ్ముతారు. కాబట్టి నీకు ఎవరో ఫోన్లో చెప్పిన ధర అబద్ధం కాకపోవచ్చు. కానీ రెండు చట్టాలు గుర్తుపెట్టుకో. ఎర్రచందనం మన శేషాచలం, నల్లమల చుట్టుపక్కల అడవుల చెట్టు. 1995 నుంచి అది అంతర్జాతీయ వాణిజ్యాన్ని కట్టడిచేసే సైటిస్ జాబితాలో ఉంది. అనుమతి కాగితాలు లేకుండా దేశం దాటిస్తే నేరం, బొమ్మైనా దుంగైనా. నూరేళ్లు దాటిన కళావస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. దాన్ని మనలాంటివాళ్లు బయటికి పంపకూడదు, ఇక్కడ ఆ వ్యాపారం చేయడానికీ లైసెన్సు కావాలి. కొరియర్లో వేసెయ్యి, ఏమీ కాదు అన్న ఆ పెద్దమనిషి నంబరు తీసేయి.

అమ్మకపోతే ఏం చేయాలంటావా? వార్నిష్ పూయించొద్దు. కొబ్బరినూనె రాసి మెరిపించొద్దు. పొడిగుడ్డతో తుడిచి, చిన్న కాగితం మీద ఎవరు ఎప్పుడు తెచ్చారు, ఎవరెవరు కొరికారు అని రాసి దానితోపాటు ఉంచు. తెచ్చింది మా జేజి. కొరికినవాళ్లలో మీ నాన్న ఉన్నాడు, నేనున్నాను, నువ్వూ ఉన్నావు. ఆ చీటీ లేని పాతబొమ్మ ఏ అంగట్లోనైనా దొరుకుతుంది.

ఇక నన్ను నిమ్మలకుంటకు పోయి పాత తోలుబొమ్మలు తక్కువలో బేరమాడి తెమ్మన్నావు. పోను. కారణం చెబుతాను, కోపగించుకోవద్దు. నిమ్మలకుంట ధర్మవరం పక్కనే, 2022 నుంచి కాగితాల మీద శ్రీసత్యసాయి జిల్లా. అక్కడి కుటుంబాలు తరాలుగా మేకతోలును శుభ్రంచేసి, వెలుగు దాటేంత పలచన చేసి, నగలు మెరవడానికి ఉలితో చిల్లులు కొట్టి, రంగులేసి ఆడించినవాళ్లు. మనిషంత ఎత్తు రాముడు, పది తలల రావణుడు, మధ్యలో నవ్వించే కేతిగాడూ బంగారక్కా. తెర వెనక దీపం, ముందు ఊరు, తెల్లవార్లూ కథ. వానకోసం ఆడించిన ఊళ్లున్నాయి. సినిమా వచ్చాక ఆట తగ్గింది. ఆకలికి అమ్మిన పాతబొమ్మలు అమెరికా, జర్మనీ మ్యూజియాల దాకా పోయాయి. చిరిగి ఆటకు పనికిరాని బొమ్మను మాత్రం వాళ్లు చెత్తలో వేసేవాళ్లు కాదు, నీళ్లలో వదిలేవాళ్లు. నువ్వు వేటకు బయల్దేరిన పాతబొమ్మల్లో చాలా భాగం అలా మర్యాదగా సాగిపోయినవే.

మిగిలినవి ఆ కుటుంబాల ఆస్తి. అన్నదమ్ములు పంచుకున్న ఆస్తి. ఒక కట్టలోంచి రావణుణ్ణి ఒక్కణ్ణి లాగి తీసుకుపోతే వాళ్లకు మిగిలేది రామాయణం కాదు. పైగా కొత్త తోలును పొగకు మాపి పాతదని అమ్మడం మన దేశంలో ఎవరికీ రాని విద్య కాదు. నీకు తేడా తెలియదు, నాకూ తెలియదు.

కానీ ఆ ఊరికి పోవద్దని అనడంలేదు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పటికీ ఇళ్లలో ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఆట కట్టేవాళ్లు తగ్గినా దీపాల మీది తోలుగొడుగులు, గోడబొమ్మలు చేసి బతుకుతున్నారు. లేపాక్షి హస్తకళల అంగళ్లలో చూసే ఉంటావు. గోడకు తగిలించేది కాదు, కీళ్లు కదిలే ఆటబొమ్మ చేసిపెట్టమని అడుగు. చెప్పిన ధర ఇవ్వు. చేసినవాళ్ల పేరు వెనక రాయించుకో. ఇంటికి తీసుకుపోయాక ఎండ పడే గోడకు అద్దంలో బిగించొద్దు, రంగు వెలిసిపోతుంది. దుప్పటి కట్టి వెనక టేబుల్ లైటు పెట్టి మనవడి చేతికివ్వు. చిరిగిందనుకో, తోలే కదా, కుట్టుపడుతుంది.

దసరా సెలవులకు రండి. ధర్మవరంలో రైలు దిగి ఫోన్ చేస్తే ఆటో మాట్లాడి ఉంచుతాను. బొమ్మ ముందుగా చెప్పి చేయించుకోవాలి, తోలు ఆరడానికీ రంగుకూ రోజులు పడతాయి. కాబట్టి ఎవరు కావాలో ఈ వారంలోనే రాయి. నా ఓటు బంగారక్కకు. మీ ఆయన హనుమంతుడంటాడని తెలుసు, అప్పుడు రెండు చేయిద్దాం, రెండూ ఆడడానికే.

ఇట్లు
మీ అత్త