తిరిగే బరువు

చక్రం లేని ఇల్లు లేదు. కుట్టు మిషనుకు చక్రం ఉంది. సైకిలుకు రెండు, ఆటోకు మూడు, కారుకు నాలుగు ఉన్నాయి. మగ్గం ఉన్న ఇంట్లో కండెలు చుట్టే రాట్నానికీ చక్రమే. ఎడ్లబండి చక్రాన్ని మన దిక్కు గీర అంటారు. కొందరు పయ్య అంటారు.

కొన్ని చక్రాలు బరువుగా ఉంటాయి. కొన్ని తేలికగా ఉంటాయి. ఏది మంచిది? బండి చక్రం తేలికైతే డీజిలు ఖర్చు తగ్గుతుందా? తగ్గితే ఎంత తగ్గుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

గాజు, సెల్లు – చేసి చూడండి

ఒక నున్నటి పలక తీసుకోండి. ఒక చివర కింద ఇటుక పెట్టండి. పలక ఏటవాలుగా ఉంటుంది.

ఇప్పుడు ఒక వెడల్పాటి ప్లాస్టిక్ గాజు, ఒక టార్చిలైటు సెల్లు తీసుకోండి. రెండింటినీ పలక పైభాగాన పక్కపక్కన పెట్టండి. తోయకండి. ఒకేసారి వదలండి.

ఏది ముందు కిందికి చేరింది? సెల్లు ముందు చేరుతుంది. గాజు వెనుకబడుతుంది. గాజు తేలిక, సెల్లు బరువు. అయినా గాజే వెనుకబడింది. మళ్ళీ చేసి చూడండి. ఎన్నిసార్లు చేసినా అంతే.

ఎందుకు ఇలా? సెల్లు లోపల బరువు నడిమి నుండి అంచు దాకా నిండి ఉంది. గాజుకు నడుమ ఏమీ లేదు. దాని బరువంతా అంచున ఉంది. అంచున ఉన్న బరువును తిప్పడం కష్టం. అందుకే గాజు తిరగడం మెల్లగా మొదలవుతుంది.

బండి చక్రం కూడా గాజు లాంటిదే. రిమ్ము, టైరు అంచున ఉంటాయి. చక్రం బరువులో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది.

రెండు పనుల కూలి

ఆటోలో ఒక బియ్యం బస్తా వేశారు అనుకుందాం. ఆటో కదిలితే బస్తా ముందుకు పోతుంది. అది చేసే పని ఒక్కటే.

అదే ఆటో టైరు సంగతి చూడండి. అది ఆటోతో పాటు ముందుకు పోతుంది. దానితో పాటే గుండ్రంగా కూడా తిరుగుతుంది. అంటే రెండు పనులు. ఆ రెండు పనులకూ ఇంజనే కూలి ఇయ్యాలె. ఆ కూలి డీజిలు.

అందుకే మెకానిక్కులు ఒక మాట అంటారు. బండి మీద కిలో బరువు వేరు, చక్రం అంచున కిలో బరువు వేరు. ఈ మాటలో నిజం ఉంది. బండి వేగం అందుకునేటప్పుడు చక్రం అంచున ఉన్న కిలో దాదాపు రెండు కిలోల లెక్క. నడిమి ఇరుసు దగ్గర ఉన్న కిలో ఒక కిలోకు కొంచెం ఎక్కువ, అంతే.

చక్రం తేలికైతే బండి తొందరగా వేగం అందుకుంటుంది. దీన్నే పికప్పు అంటారు. ఆపేటప్పుడు బ్రేకు మీద భారం కూడా తగ్గుతుంది. రేసు కార్లు క్షణక్షణం వేగం పెంచుతాయి, తగ్గిస్తాయి. అందుకే వాటిలో కొన్నింటి చక్రాలను మెగ్నీషియం అనే తేలిక లోహంతో చేస్తారు.

ఆగితేనే ఖర్చు

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. చక్రాన్ని తిప్పడం మొదలుపెట్టడానికే బలం ఎక్కువ కావాలి. ఒకసారి తిరిగినాక అది తన వేగంతో తాను తిరుగుతూనే ఉంటుంది.

హైదరాబాదు – వరంగల్లు రోడ్డు మీద ఒక కారు ఒకే వేగంతో పోతుంది. దాని చక్రాలు బరువైనా, తేలికైనా డీజిలులో పెద్ద తేడా రాదు. అప్పుడు డీజిలును తినేది ఎదురుగాలి, రోడ్డు మీద టైరు రాపిడి, ఇంజను లోపలి రాపిడి.

ఆలేరు నుండి ఊళ్ళకు పోయే ఆటో సంగతి వేరు. చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతుంది. మనిషి ఎక్కినాక మళ్ళీ కదులుతుంది. ఆగిన ప్రతిసారీ చక్రాల తిరుగుడు బ్రేకుల దగ్గర వేడిగా మారి పోతుంది. కదిలిన ప్రతిసారీ కొత్త డీజిలు పొయ్యాలె. అందుకే తేలిక చక్రం లాభం ఆగి ఆగి పోయే బండికే ఎక్కువ.

బండి గుట్ట ఎక్కేటప్పుడు ఎట్లా? ఒకే వేగంతో ఎక్కుతుంటే చక్రం కిలో కూడా మామూలు కిలోయే. అక్కడ బండి మొత్తం బరువు ముఖ్యం.

బ్యాటరీతో నడిచే కొన్ని బండ్లలో ఇంకో వసతి ఉంది. వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు తయారుచేస్తుంది. పోయే బలంలో కొంత తిరిగి బ్యాటరీకి చేరుతుంది. డీజిలు ఆటోకు ఈ వసతి లేదు.

చేతికి కూడా ఇదే లెక్క

ఆగడం, కదలడం బండికే కాదు, మనిషి చేతికీ భారమే. చేనేత ఇళ్ళలో ఆసు పోసిన వాళ్ళకు ఇది బాగా తెలుసు. చిటికి కట్టే చీరకు ముందు ఆసు పోయాలి. నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. ఒక చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు కదలాలి. నూలు పోగు బరువు ఎంత? ఏమీ లేదు. బరువు చేతిది. అన్ని వేల సార్లు చేతిని కదపాలి, ఆపాలి, మళ్ళీ కదపాలి. అందుకే భుజాలు పట్టేస్తాయి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవాళ్ళు.

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే నొప్పిని చూశారు. ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. అప్పుడు ఆలేరు నల్గొండ జిల్లాలో ఉండేది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ యంత్రంలో చెయ్యి కదలదు. నూలును పట్టుకునే చిన్న భాగం మాత్రమే కదులుతుంది. దాన్ని మోటారు నడుపుతుంది. కదిలే బరువు తగ్గింది. ఒక చీరకు పట్టే గంటలూ తగ్గాయి. భుజాల నొప్పీ తగ్గింది.

ఆగి ఆగి కదిలే పనిలో కదిలే బరువు ఎంత తక్కువైతే అంత మేలు. ఇది బండికైనా, చేతికైనా ఒకటే.

బరువే మేలు చేసే చోట

అయితే అన్ని చక్రాలనూ తేలిక చేయాలా? వద్దు. కొన్నిచోట్ల బరువే కావాలి.

కుమ్మరి సారె చూడండి. దాని అంచు బరువుగా ఉంటుంది. కట్టెతో గట్టిగా తిప్పి వదిలితే చాలాసేపు దానంతట అదే తిరుగుతుంది. అంతలో కుమ్మరి కుండ చేసేస్తాడు. సారె తేలికగా ఉంటే వెంటనే ఆగిపోతుంది. కుండ మధ్యలోనే ఉండిపోతుంది.

గడ్డి కోసే మిషనుకు పెద్ద ఇనుప చక్రం ఉంటుంది. కత్తికి గడ్డి తగిలినప్పుడు ఆ బరువు చక్రమే కత్తిని ముందుకు తోస్తుంది. కాలితో తొక్కే కుట్టు మిషనులోనూ అంతే. పాదం కిందికీ పైకీ పోయే నడుమ చక్రం ఆగకుండా చూస్తుంది.

ఇంజను లోపల కూడా ఇలాంటి బరువైన చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని ఫ్లైవీల్ అంటారు. ఇంజనులో డీజిలు ఆగి ఆగి మండుతుంది. ఒక మంటకూ ఇంకో మంటకూ నడుమ ఇంజను ఆగకుండా ఫ్లైవీలే తిప్పుతుంది. దాన్ని చెక్కి తేలిక చేస్తే ఇంజను తొందరగా వేగం అందుకుంటుంది. కానీ నిలిపి ఉంచినప్పుడు ఎక్కువ అదురుతుంది. కదిలేటప్పుడు మాటిమాటికీ ఆగిపోతుంది. రోజూ కిరాయికి తిరిగే బండికి ఆ పని చేయించరాదు.

కాబట్టి రెండు మాటలు. ఆగి ఆగి కదిలేది తేలికగా ఉండాలి. ఆగకుండా ఒకే తీరుగా తిరగాల్సింది బరువుగా ఉండాలి.

లెక్క చేద్దాం

ఆలేరులో ఒక ఇల్లు అనుకుందాం. భర్త ఆటో నడుపుతాడు. ఇంటి లెక్క భార్య రాస్తుంది. ఒకనాడు భర్త వచ్చి అన్నాడు.

"కొత్త రిమ్ములు వచ్చినయి. తేలికగ ఉంటయంట. మైలేజి పెరుగుతదంట."

"ఎంత పెరుగుతది?"

"అది చెప్పలేదు."

"మూడింటికి ఎంతయితది?"

"ఆరు వేలు."

"అయితే ఆగు. ముందు లెక్క చేద్దాం. నోటుబుక్కు తెస్త."

ఆమె ఇట్లా రాసింది.

ఆటో, మనుషులు, సామాను కలిసి 700 కిలోలు.
ఒక్కో రిమ్ము 1 కిలో తేలిక. మూడింటికి 3 కిలోలు.
చక్రం అంచున కిలోకు రెండు కిలోల లెక్క. అంటే 3 × 2 = 6 కిలోలు.
700 కిలోల్లో 6 కిలోలు. నూటికి ఒక వంతు కూడా కాదు.
రోజుకు 4 లీటర్ల డీజిలు. నెలకు 25 రోజులు. 4 × 25 = 100 లీటర్లు.
నూటికి ఒకటి మిగిలినా నెలకు 1 లీటరు. లీటరు 95 రూపాయలు అనుకుంటే మిగిలేది 95 రూపాయలు.
6,000 రూపాయలు తిరిగి రావాలంటే 63 నెలలు దాటాలి. అంటే ఐదేళ్ళకు పైనే.

నిజానికి ఈ 95 రూపాయలు కూడా మిగలవు. డీజిలులో చాలా భాగం గాలికి, రాపిడికి పోతుంది. చక్రం తేలికైనా ఆ ఖర్చు తగ్గదు.

కొత్త రిమ్ములన్నీ తేలికగా ఉండవు కూడా. మెరిసే రిమ్ములు కొన్ని పాత ఇనుప రిమ్ముల కన్నా బరువుగా ఉంటాయి. పెద్ద సైజు రిమ్ము, వెడల్పు టైరు వేస్తే బరువు ఇంకా పెరుగుతుంది. కొనేముందు పాతదీ కొత్తదీ కాంటా మీద పెట్టించి చూడాలి. నోటి మాట నమ్మరాదు.

కారుకైనా ఇదే లెక్క. 1,000 కిలోల కారుకు ఒక్కో చక్రం 2 కిలోలు తగ్గిందనుకోండి. నాలుగు చక్రాలకు 8 కిలోలు. రెండింతలు వేసుకుంటే 16 కిలోలు. పికప్పులో కొద్ది తేడా ఉంటుంది. డీజిలులో తేడా అంతకన్నా తక్కువ.

అసలు మిగులు ఎక్కడ?

మిగులు ఉంది. దానికి ఆరు వేలు అక్కరలేదు.

ఒకటి – గాలి. టైరులో గాలి తక్కువైతే టైరు నేలకు అణిగి నడుస్తుంది. రాపిడి పెరుగుతుంది. ఈ ఖర్చు ఆగినప్పుడే కాదు, తిరిగినంతసేపూ ఉంటుంది. టైరు కూడా తొందరగా అరుగుతుంది. గాలి పొద్దున్నే, బండి తిరగకముందే చూపించాలి. ఎంత గాలి ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఇప్పుడు మీరు దాన్ని చదవగలరు.

రెండు – పట్టుకున్న బ్రేకు. చక్రాన్ని జాకీతో లేపి చేతితో తిప్పి చూడమని మెకానిక్కును అడగండి. తేలికగా తిరగాలి. బిగుసుకొని తిరిగితే బ్రేకు పట్టి ఉండవచ్చు. బేరింగు చెడి ఉండవచ్చు. అప్పుడు ఇంజను ఒకవైపు లాగుతుంటే బ్రేకు ఇంకోవైపు పట్టుకుంటుంది.

మూడు – అక్కరలేని సామాను. వెనుక సీటు కింద పాత ఇనుము, రాళ్ళు, సంచులు ఉంటాయి. 25 కిలోలు తీసేస్తే, పైన చెప్పిన 6 కిలోలకు నాలుగింతలకు పైనే తగ్గినట్టు. ఖర్చు ఒక్క రూపాయి కూడా లేదు.

నాలుగు – నడిపే తీరు. ముందర మనిషి చెయ్యెత్తడం దూరం నుండే కనిపిస్తుంది. అక్కడి నుండే మెల్లగా వేగం తగ్గిస్తే చక్రాలు తమ బలంతో అక్కడిదాకా తీసుకుపోతాయి. చివరిదాకా ఉరికించి బ్రేకు తొక్కితే ఆ డీజిలంతా వేడిగా పోతుంది. ఎక్కువసేపు ఆగితే ఇంజను బంద్ చేయాలి.

ఎడ్లబండికి కూడా ఈ మాట వర్తిస్తుంది. కట్టె గీరల బండి కన్నా టైరు బండి ఎడ్లకు సుఖం. గీర బరువు ఒక్కటే దానికి కారణం కాదు. టైరు మెత్తని నేలలో దిగబడదు. ఇరుసు దగ్గర బేరింగులు రాపిడిని తగ్గిస్తాయి. కట్టె గీరకైతే ఇరుసుకు కందెన పెట్టాలి. కందెన లేని ఇరుసు ఎడ్ల బలం తింటుంది.

జాగ్రత్త

తిరిగే చక్రానికి బలం ఎక్కువ. బండి ఎక్కేటప్పుడు కొంగు, చున్నీ దగ్గరకు దోపుకోవాలి. గడ్డి మిషను దగ్గర జుట్టు ముడి వేసుకోవాలి. పిల్లలను దగ్గరకు రానీయరాదు. బరువు చక్రం చెయ్యి తీసినా వెంటనే ఆగదు. ఇది ఎప్పుడూ మరువరాదు.

గుర్తుంచుకోండి

* చక్రం అంచున ఉన్న బరువు, బండి కదిలేటప్పుడు దాదాపు రెండింతల లెక్క.
* తేలిక చక్రం వల్ల పికప్పు కొంత పెరుగుతుంది. డీజిలు మిగులు చాలా కొద్ది.
* ఆగి ఆగి పోయే బండికే ఆ కొద్ది లాభం.
* గాలి, బ్రేకు, సామాను, నడిపే తీరు – ముందు ఈ నాలుగూ చూడాలి.
* ఎవరు ఏది అమ్మినా "ఎంత మిగులుతుంది?" అని అడగాలి. కాగితం మీద లెక్క వేసుకోవాలి.

కొత్త మాటలు

ఇరుసు – చక్రం తిరగడానికి నడుమ ఉండే కడ్డీ
రాపిడి – ఒకదానికొకటి రాసుకోవడం
పికప్పు – బండి వేగం అందుకోవడం
ఫ్లైవీల్ – ఇంజనును ఆగకుండా తిప్పే బరువైన చక్రం
కందెన – ఇరుసుకు పూసే నూనె, జిడ్డు

జవాబులు రాయండి

1. గాజు, సెల్లులో ఏది ముందు కిందికి చేరింది? ఎందుకు?
2. కుమ్మరి సారె ఎందుకు బరువుగా ఉండాలి?
3. ఒక ఆటోకు నెలకు 120 లీటర్ల డీజిలు పడుతుంది. గాలి, బ్రేకు సరిచూసుకుంటే 6 లీటర్లు మిగిలాయి. లీటరు 95 రూపాయలైతే నెలకు ఎంత మిగిలింది? ఏడాదికి ఎంత?
4. మీ ఇంట్లో ఉన్న చక్రాల పేర్లు రాయండి. ఏది తేలికగా ఉండాలి, ఏది బరువుగా ఉండాలి? పక్కన రాయండి.